స్టాండర్డ్ హెరాల్డ్‌కు షాక్ అబ్సార్బర్లు, స్ప్రింగులు మార్చే విధానం

మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ సంస్థ 1961లో తయారీ మొదలుపెట్టిన స్టాండర్డ్ హెరాల్డ్‌ను మన వైపు చాలామంది డాక్టర్ల కారుగానో, హెడ్మాస్టర్ల కారుగానో గుర్తుంచుకున్నారు. దాని ఛాసిస్‌నే కురచ చేసి ఇంగ్లండులోని ట్రయంఫ్ సంస్థ 1962లో స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారును విడుదల చేసింది. ముందు చక్రాలను పట్టుకునే విష్‌బోన్లు, వాటి మధ్య నిలబడే స్ప్రింగు, వెనక అడ్డంగా పరచిన కమాను కట్ట (ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీల స్ప్రింగు, ఒక్కొక్క పట్టీని ఆకు అంటారు), అన్నీ ఆ రెండు కార్లలోనూ ఒకే పద్ధతిలో ఉంటాయి. కాబట్టి కింద రాసినది తిరుపతిలో హెరాల్డ్ ఉన్నవారికి ఎంత పనికొస్తుందో, ఎక్కడైనా తొలితరం స్పిట్‌ఫైర్ ఉన్నవారికీ చాలావరకు అంతే పనికొస్తుంది. హెరాల్డ్ తరువాత 1972లో వచ్చిన గెజెల్‌కు మాత్రం వెనక గట్టి ఇరుసు ఉంటుంది కనుక, ఆ బండి ఉన్నవారు ఇక్కడ వెనక వైపు గురించి రాసిన భాగాన్ని అనుసరించకూడదు.

పని మొదలుపెట్టే ముందే ఒక మాట మనసులో పెట్టుకోవాలి. మనం కొత్త స్ప్రింగులు వేసేది బండిని గట్టిపరచడానికి కాదు, ఎత్తు పెంచడానికి అంతకన్నా కాదు. కారు తయారైన రోజున ఏ ఎత్తులో నిలబడిందో ఆ ఎత్తుకు దానిని తిరిగి తీసుకురావడమే ఈ పని లక్ష్యం. లారీలకు కట్టలు వేసే చోట్ల మన ప్రాంతంలో మంచి చేతిపనివారు ఉన్నారు, కానీ వారికి అలవాటైన ఆలోచన బరువు మోయించడం. "ఇంకో ఆకు వేస్తే గట్టిగా ఉంటుంది సార్" అని వారు మంచి మనసుతోనే చెబుతారు. హెరాల్డ్ విషయంలో ఆ సలహా ఎందుకు ప్రమాదకరమో వెనక వైపు పని దగ్గర వివరంగా రాశాను.

మార్చవలసిన అవసరం ఉందా?

కారు ఒక మూలను రెండు చేతులతో బలంగా కిందికి నొక్కి వదిలితే, బాడీ పైకి లేచి, ఒక్కసారి దిగి నిలిచిపోవాలి. రెండు మూడుసార్లు ఊగితే ఆ మూలనున్న షాక్ అబ్సార్బర్ పని అయిపోయినట్టే. షాక్ గొట్టం మీద నూనె తడి, దానికి అంటుకున్న దుమ్ము నల్లటి పొరలా కనిపించినా, టైరు చుట్టూ గుంటలు గుంటలుగా అరుగుదల ఉన్నా అనుమానించాలి. స్ప్రింగుల సంగతి వేరు. అవి ఊగడంలో దొరకవు, కొలతలో దొరుకుతాయి. నేను తెరిచిన ఒక హెరాల్డ్‌లో ఎడమ ముందు స్ప్రింగు అడుగు చుట్టు విరిగి, ఆ ముక్క స్ప్రింగు కూర్చునే పళ్ళెంలోనే కుదురుగా ఇమిడిపోయి ఉంది. బయటినుంచి చూస్తే స్ప్రింగు నిక్షేపంగా ఉన్నట్టే కనిపించింది. ఆ వైపు బండి కుడివైపు కంటే 22 మిల్లీమీటర్లు కిందికి ఉండటమే అసలు సంగతి పట్టించింది.

అందుకే మొదటి మెట్టు కొలతలే. సమతలంగా ఉన్న గచ్చు మీద బండిని నిలిపి, నాలుగు టైర్లలో గాలి సరిచూసి, సగం పెట్రోలు ఉంచి, ఒక్కొక్క చక్రం మధ్య బిందువు నుంచి దాని మీది మడ్గార్డు అంచు దాకా నిలువుగా కొలవండి. నాలుగు అంకెలనూ తేదీతో సహా ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. టైరు వ్యాసం ఏదైనా ఈ కొలత మారదు కాబట్టి, నేల నుంచి కొలవడం కంటే ఇది నమ్మదగినది. వెనక చక్రాలను బండి వెనక నిలబడి చూసి, అవి నిటారుగా ఉన్నాయా, పై అంచులు లోపలికి వాలి ఉన్నాయా అన్నదీ రాసుకోవాలి. ఒక దారానికి నట్టు కట్టి మడ్గార్డు నుంచి వేలాడదీస్తే ఆ వాలు కంటికి స్పష్టంగా తెలుస్తుంది.

సామాను

హెరాల్డ్‌లో బోల్టులన్నీ అంగుళాల కొలతవి. మన మెకానిక్ షెడ్లలో మిల్లీమీటర్ల పానాలే ఎక్కువ కాబట్టి, దగ్గరగా సరిపోయే 13 నంబరు పానా వేసి అర అంగుళం నట్టును తిప్పడం అలవాటైపోయింది. కొత్త నట్టుకు అది చెల్లుతుంది. 50 ఏళ్ళ తుప్పు పట్టిన నట్టుకు మూలలు అరిగిపోతాయి. అంగుళాల సాకెట్ల సెట్టు ఒకటి కొనడం ఈ పనిలో అతి చౌకైన జాగ్రత్త. దానితోపాటు హైడ్రాలిక్ జాకీ, కనీసం రెండు మంచి స్టాండ్లు, రెండో చిన్న జాకీ, స్ప్రింగును నొక్కిపట్టే కంప్రెసర్ల జత, బిగింపు బలాన్ని (టార్క్‌ను) కొలిచి చూపే టార్క్ రెంచి, వైరు బ్రష్, చక్రాలకు అడ్డుపెట్టే చెక్క దిమ్మలు ఉండాలి. ఇటుకల మీద, సిమెంటు దిమ్మెల మీద బండిని నిలిపి దాని కిందికి దూరకండి. ఇటుక ముందుగా చెప్పి పగలదు.

భాగాల కోసం ఇంగ్లండు నుంచి తెప్పించుకోవడం ఒక మార్గం. అక్కడ హెరాల్డ్, స్పిట్‌ఫైర్ భాగాలు నేటికీ కొత్తవి తయారవుతున్నాయి, కానీ రవాణాఖర్చు, కస్టమ్స్ సుంకం కలిపి చూసుకోవాలి. చెన్నైలో పుదుప్పేట పాత సామాన్ల వీధి తిరుపతి నుంచి ఒక పూట ప్రయాణమే. అక్కడ దొరికే షాక్ అబ్సార్బర్ కొత్తదిగా కనిపించినా మూడు కొలతలు తప్పక సరిచూడాలి: పూర్తిగా సాగినప్పటి పొడవు, పూర్తిగా నొక్కినప్పటి పొడవు, బోల్టు దూరే కన్ను వ్యాసం. ఈ కారులో చక్రం ఎంతవరకు కిందికి వేలాడాలన్నది నిర్ణయించేది షాక్ అబ్సార్బరే కాబట్టి, సాగినప్పటి పొడవు అసలుదానికంటే ఎక్కువ ఉంటే చక్రం దిగకూడనంత దిగి, బ్రేకు గొట్టాన్ని లాగుతుంది. దేనినైనా జతగానే మార్చాలి. ఎడమవైపు కొత్తది, కుడివైపు పాతది ఉన్న బండి బ్రేకు వేసినప్పుడు ఒక పక్కకు ఒరుగుతుంది.

బోల్టులు దూరే కన్నుల్లో కూర్చునే రబ్బరు బుష్‌లను కూడా ఇప్పుడే మార్చేయండి. పాలీయురిథేన్ బుష్‌లు ఎక్కువకాలం మన్నుతాయన్న మాట నిజమే, అయినా మన గతుకుల రోడ్లకు, 800 కిలోలకు అటూఇటూ బరువున్న ఈ తేలికపాటి కారుకు మామూలు రబ్బరే మేలని నా అభిప్రాయం. రబ్బరు మింగే కంపనాన్ని గట్టి బుష్ ఛాసిస్‌కు అందిస్తుంది, పాత ఛాసిస్‌కు అది మంచిది కాదు.

పని తలపెట్టడానికి వారం ముందునుంచే ప్రతి సాయంత్రమూ విప్పవలసిన బోల్టులన్నిటినీ వైరు బ్రష్‌తో శుభ్రం చేసి, తుప్పు వదిలించే నూనె పట్టించండి. ముందు షాక్ అడుగు బోల్టు దాని బుష్‌లోని ఇనుప గొట్టంతో ఏకమైపోవడం మామూలే. వారం రోజుల నూనె చేసే మేలు గంటసేపు సుత్తి దెబ్బలు చేయలేవు. మే నెలలో రేకుల షెడ్డు కింద ఈ పని పెట్టుకోకండి, పెట్టుకుంటే తెల్లవారుజామున మొదలుపెట్టి పదింటికల్లా ఆపేయండి. చెమట చేతులతో, తొందరలో స్ప్రింగు కంప్రెసర్ తిప్పడం మంచిది కాదు.

ముందు వైపు

హెరాల్డ్ బానెట్టు రెండు మడ్గార్డులతో సహా మొత్తంగా ముందుకు తెరుచుకుంటుంది. ముందు చక్రం, స్ప్రింగు, విష్‌బోన్లు నిలబడి చూసేంత దూరంలో బయటపడతాయి. ఇంత సౌకర్యం నేటి కార్లలో లేదు.

చేతి బ్రేకు వేసి, వెనక చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు పెట్టి, చక్రాల నట్లు నేల మీదనే కొద్దిగా సడలించాక, ముందు భాగాన్ని లేపి రెండు వైపులా స్టాండ్లు పెట్టండి. స్టాండు ఛాసిస్ ప్రధాన దూలాల కిందనే నిలవాలి. పక్కలకు పొడుచుకు వచ్చిన చిన్న దూలాలు లోపలినుంచి తుప్పు పట్టి ఉండవచ్చు, వాటిని నమ్మకూడదు. రెండు ముందు చక్రాలూ ఒకేసారి గాలిలో ఉండటం అవసరం, ఎందుకంటే యాంటీ రోల్ బార్ (బండి పక్కకు ఒరగకుండా రెండు ముందు చక్రాల విష్‌బోన్లను కలిపే కడ్డీ) ఉన్న బండిలో ఒక చక్రం నేలమీద ఉంటే అది రెండోవైపు విష్‌బోన్‌ను పైకి నెడుతూ ఉంటుంది. చక్రాలు తీశాక బండిని చేత్తో పక్కకు ఊపి, స్టాండ్ల మీద కదలకుండా ఉందని నిర్ధారించుకున్న తరువాతే ముందుకు సాగండి.

ఒక వైపు పని పూర్తిచేశాకే రెండోవైపు ముట్టుకోవాలి. రెండోవైపు విప్పకుండా ఉంటే, ఏ వాషరు దేని మీద వస్తుందో చూసుకోవడానికి అది నమూనాగా ఉంటుంది.

అడుగు విష్‌బోన్ కింద చిన్న జాకీ పెట్టి కేవలం తాకేంతవరకు లేపండి. షాక్ తీసిన వెంటనే విష్‌బోన్ మరింత కిందికి జారకుండా, బ్రేకు గొట్టం మీద భారం పడకుండా ఇది ఆపుతుంది. యాంటీ రోల్ బార్ లింకు అడ్డు వస్తుంటే దానిని విప్పండి. తరువాత అడుగు బోల్టు నట్టు తీసి, బోల్టును మెత్తని ఇత్తడి కడ్డీతో తట్టి బయటికి తీయండి. చివరగా పైన స్ప్రింగు పళ్ళేన్ని పట్టుకున్న మూడు నట్లు విప్పి, స్ప్రింగు, షాక్ రెండూ కలిసిన యూనిట్‌ను వంచుతూ బయటికి తీసుకోండి. ఈ దశలో స్ప్రింగు ఎగిరిపోదు, షాక్ కడ్డీయే దానిని బంధించి ఉంచుతుంది. యూనిట్ పై కొసన, కడ్డీకి నడిమధ్యన ఉన్న నట్టును మాత్రం ఇంకా ముట్టుకోకూడదు.

ఈ మొత్తం పనిలో ప్రాణాపాయం ఉన్న ఘట్టం ఇక్కడే. మిల్లీమీటరుకు 2 కిలోల బలం కావలసిన స్ప్రింగును 100 మిల్లీమీటర్లు నొక్కి ఉంచారనుకుందాం. అందులో దాగిన శక్తి, 10 కిలోల బరువు మీటరు ఎత్తు నుంచి పడితే వచ్చేదానికి సమానం. అది ఒక్క క్షణంలో, మన ముఖం ఉన్న దిక్కుకు విడుదలవుతుంది. కాబట్టి కంప్రెసర్ కొక్కేలను ఒకదానికొకటి సరిగ్గా ఎదురెదురుగా, వీలైనన్ని ఎక్కువ చుట్లను కలిపి పట్టేలా తగిలించండి. మరలకు కాస్త గ్రీజు రాసి, ఒక వైపు అర మలుపు, మరో వైపు అర మలుపు చొప్పున చేతి పానాతోనే బిగించండి. గాలి గన్నుతో తిప్పకండి. ఒక గట్టి తాడును స్ప్రింగు లోపలినుంచి రెండు చుట్లు తిప్పి ముడివేస్తే అది రెండో రక్ష. స్ప్రింగు పళ్ళెంలో వదులై చేతితో తిరిగినప్పుడు మాత్రమే నడి నట్టు విప్పాలి. యూనిట్ కొసలను గోడ వైపు ఉంచి, మీరు పక్కనే నిలబడి పనిచేయండి. కంప్రెసర్ల మీద నమ్మకం చాలకపోతే, స్ప్రింగు ప్రెస్సు ఉన్న వర్క్‌షాపుకు యూనిట్లను తీసుకెళ్ళి విప్పించుకోండి. ఖర్చయ్యేది కొద్ది రూపాయలే.

విప్పిన భాగాలను తీసిన వరుసలోనే పాత దినపత్రిక మీద పరచి ఫోటో తీసుకోండి. కొత్త షాక్‌ను వెంటనే బిగించేయకూడదు. గోదాములో పడుకోబెట్టి ఉంచినప్పుడు నూనెలోకి గాలి చేరుతుంది కాబట్టి, దానిని నిటారుగా పట్టుకుని, కడ్డీని పూర్తిగా లాగుతూ, పూర్తిగా నొక్కుతూ, మధ్యలో వదులు తగలకుండా కదిలేవరకు పది పన్నెండుసార్లు ఆడించండి. ఎంత ఆడించినా ఒకచోట బలం లేకుండా జారిపోతుంటే ఆ షాక్‌ను తిప్పి పంపించండి. మెరిసే కడ్డీని ప్లయర్లతో పట్టుకోకండి. దాని మీద పడ్డ చిన్న గీత చాలు, అది సీలును కోస్తూ నూనె కార్పిస్తుంది.

కొత్త స్ప్రింగును కంప్రెస్ చేసి, షాక్ మీద ఎక్కించి, స్ప్రింగు రెండు కొసలూ తమ తమ పళ్ళేలలో సరిగ్గా కూర్చున్నాయని వేలితో తడిమి చూశాక, పై రబ్బర్లు, గిన్నె వాషర్లు ఫోటోలో ఉన్న వరుసలో వేసి నడి నట్టు బిగించండి. అప్పుడు కంప్రెసర్లను మళ్ళీ అర మలుపు చొప్పున వదలండి. యూనిట్‌ను కారులోకి ఎక్కించి పై మూడు నట్లు వేలితో మొదలుపెట్టి, అడుగు బోల్టుకు కాస్త గ్రీజు రాసి దూర్చండి. పై మూడు నట్లను మాన్యువల్‌లో చెప్పిన మేరకు ఇప్పుడే బిగించవచ్చు. అడుగు బోల్టును మాత్రం వదులు పోయేంతవరకే బిగించి ఆపండి.

ఎందుకు ఆపాలన్నది నేను నా బండిని పాడుచేసుకుని నేర్చుకున్నాను. మొదటిసారి ఈ పని ఒక షెడ్డులో చేయించినప్పుడు, చక్రాలు గాలిలో వేలాడుతుండగానే బోల్టులన్నీ గట్టిగా బిగించేశారు. నేను పక్కనే నిలబడి చూస్తూ ఊరుకున్నాను. బండి నేలమీదికి దిగగానే చక్రం పైకి వచ్చింది, బుష్ లోపలి గొట్టం బోల్టుతో బిగిసి ఉండటం వల్ల రబ్బరు మెలితిరిగింది. ఇక ఆ రబ్బరుకు విశ్రాంతి అన్నదే లేదు. ఆరు నెలలు తిరగకముందే బుష్‌లు చీలి, కాణిపాకం వెళ్ళే దారిలో ప్రతి స్పీడ్ బ్రేకరు మీదా కిర్రుమనడం మొదలుపెట్టాయి.

చక్రం తీసి ఉండగానే, అడుగు విష్‌బోన్ కొసనున్న ట్రనియన్‌కు, అంటే స్టీరింగు తిప్పినప్పుడు చక్రం తిరిగే మరల కీలుకు, నూనె పెట్టండి. దానికి వేయవలసినది ఈపీ 90 గేరు ఆయిలే, గ్రీజు కాదు. గ్రీజు దాని మరల లోతుకు చేరదు, లోపల అరిగిన ట్రనియన్ విరిగితే ముందు చక్రం మడతపడిపోతుంది. ఈ కారు యజమానులు దేనిని మరిచినా దీనిని మరవకూడదు.

వెనక వైపు

వెనక భాగాన్ని లేపేటప్పుడు చేతి బ్రేకు పనికిరాదు, అది పట్టేది వెనక చక్రాలనే. ముందు చక్రాలకే దిమ్మలు గట్టిగా పెట్టాలి.

షాక్‌లు మాత్రమే మార్చేటట్టయితే పని చిన్నదే. చక్రం తీసి, చక్రాన్ని మోసే నిలువు లింకు కింద జాకీ పెట్టి, షాక్ మీద లాగుడు తగ్గేవరకు కొద్దిగా లేపాలి. కట్ట బలమంతా ఆ షాక్ బోల్టు మీదనే ఆగి ఉంటుంది కాబట్టి జాకీ లేకుండా బోల్టు లాగితే లింకు ఒక్కసారిగా కిందికి కొడుతుంది. అడుగు బోల్టు, తరువాత పై బోల్టు తీసి, కొత్తది అదే దారిన ఎక్కించండి.

కమాను కట్ట మార్చాలంటే ఒక రోజు పడుతుంది, ఇద్దరు మనుషులు కావాలి. రెండు వైపులా షాక్‌లు విప్పి, జాకీని నెమ్మదిగా దింపుతూ కట్టను పూర్తిగా సడలనివ్వండి. ఈలోగా బ్రేకు గొట్టాలు లాగబడుతున్నాయేమో గమనిస్తూ, అవసరమైతే వాటిని విప్పండి. విప్పితే చివర్లో బ్రేకులకు గాలి తీయడం తప్పదు. కట్ట కన్నుల్లోని బోల్టులు రెండు వైపులా తీశాక, బండి లోపల వెనక సీటు, దాని వెనకనున్న రేకు మూత తొలగిస్తే, డిఫరెన్షియల్ (ఇంజను శక్తిని రెండు వెనక చక్రాలకూ పంచే గేర్ల పెట్టె) మీద కట్టను బిగించిన ఆరు నట్లు కనిపిస్తాయి. నట్లు, పై పలక తీసి, అడ్డొచ్చే స్టడ్లను (తల లేని బోల్టులను) రెండు నట్లు ఒకదాని మీద ఒకటి బిగించి తిప్పి తీసి, కట్టను ఒక పక్కకు జరుపుతూ బయటికి లాగండి. తీసే ముందే ఏది ముందు వైపో, ఏది ఎడమ వైపో తెల్ల పెయింటుతో గుర్తు పెట్టండి.

కొత్త కట్ట దొరకకపోతే పాతదాని ఆకులను విడదీసి మళ్ళీ వంపు పోయించవచ్చు. తిరుపతి, చిత్తూరు రెండు చోట్లా కమాను కట్టల పని చేసే దుకాణాలు ఉన్నాయి. వారితో మూడు సంగతులు ముందే తేల్చుకోండి. ఆకును గ్యాసు మంటతో ఒకచోట కాల్చి వంచకూడదు, అలా చేస్తే ఆ భాగంలో పదును పోతుంది. ఆకుల కొసల మధ్య రబ్బరు బిళ్ళలు ఉంటే కొత్తవి వేయాలి, వాటికి నూనె తగలకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, అదనపు ఆకు వేయకూడదు, అసలు వంపుకంటే ఎక్కువ పోయకూడదు.

కారణం ఇది. హెరాల్డ్ వెనక ఇరుసు రెండు ముక్కలు. ఒక్కొక్క ముక్క డిఫరెన్షియల్ దగ్గరి కీలు మీద మాత్రమే వంగుతుంది, రెండో కొసన చక్రం ఇరుసుకు నిట్టనిలువుగా బిగిసి ఉంటుంది. కాబట్టి బాడీ పైకి లేచిన కొద్దీ చక్రాల అడుగు అంచులు లోపలికి ముడుచుకుంటాయి, బాడీ దిగిన కొద్దీ బయటికి పరుచుకుంటాయి. కట్ట మెత్తబడిన పాత బండి వెనక చక్రాలు చాచిన కాళ్ళలా ఉండి టైరు లోపలి అంచు అరగడం మనం చూస్తుంటాం. అది ఖర్చే కాని ప్రమాదం కాదు. దీనికి వ్యతిరేకంగా, వెనక ఎత్తు ఎక్కువైన బండి మొగిలి ఘాటు లాంటి చోట వంపులో వేగంగా తిరుగుతూ ఉండగా డ్రైవరు ఉలిక్కిపడి యాక్సిలరేటరు వదిలేస్తే, బరువు ముందుకు జరిగి, వెనక భాగం పైకి లేచి, బయటి చక్రం కిందికి మడుచుకుని, బండి వెనక భాగం ఒక్కసారిగా పక్కకు జారిపోతుంది. ఒక్క అదనపు ఆకు చేసే పని ఇది. ఇద్దరు మనుషులు కూర్చున్నాక వెనక చక్రాలు నిటారుగానో, పై అంచులు కొద్దిగా లోపలికి వాలో ఉండాలి. పై అంచులు బయటికి వాలి ఉంటే ఆ బండిని రోడ్డు మీదికి తీసుకెళ్ళకండి.

కట్టను తిరిగి ఎక్కించేటప్పుడు విప్పిన వరుసను తిరగేయడమే. కన్ను బోల్టులను, షాక్ బోల్టులను ఇక్కడ కూడా తుది బిగింపు బిగించకండి.

నేలమీదికి దించాక

చక్రాలు ఎక్కించి బండిని దించితే, వెనక చక్రాలు కాళ్ళు ముడుచుకుని నిలబడినట్టు కనిపిస్తాయి. మొదటిసారి చూసినవారు కట్ట తప్పుగా వేశామని భయపడతారు. టైర్లు నేలను పట్టుకుని పక్కకు జరగలేకపోవడమే దానికి కారణం. బండిని పది అడుగులు ముందుకు, పది అడుగులు వెనక్కు తోసి, నాలుగు మూలలా నొక్కి వదిలితే అది తన ఎత్తుకు దిగుతుంది. అప్పుడు ముందు సీట్లలో ఒక్కొక్కదానిలో 25 కిలోల బియ్యం బస్తాలు మూడేసి పెట్టండి. ఇద్దరు కూర్చున్నంత బరువు మీద, చక్రాలు నేలమీద ఉండగానే, వదులుగా ఆపిన బోల్టులన్నిటినీ మాన్యువల్‌లోని టార్క్‌కు బిగించండి. కింద చోటు చాలకపోతే నాలుగు చక్రాలనూ ఒకే మందం చెక్క పలకల మీదికి ఎక్కించుకోవచ్చు, కానీ ఛాసిస్‌ను జాకీతో లేపకూడదు, లేపితే ఇంతదాకా చేసినది వ్యర్థమే.

బస్తాలు తీసేసి, మొదట రాసుకున్న నాలుగు కొలతల పక్కనే కొత్తవి రాయండి. ఎడమ కుడి తేడా చాలా కొద్దిగానే ఉండాలి. ఎక్కువ ఉంటే స్ప్రింగు కొస పళ్ళెంలో సరిగా కూర్చోలేదేమో ముందుగా చూడండి. ఎత్తు మారితే ముందు చక్రాల టో (పైనుంచి చూస్తే వాటి ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండే తీరు) కూడా మారుతుంది కాబట్టి అలైన్‌మెంట్ చేయించడం తప్పనిసరి. దానితోపాటు హెడ్‌లైట్ల దిశ కూడా సరిచేయించండి.

మొదటి ప్రయాణం చంద్రగిరి దాకా, నెమ్మదిగా, కిటికీలు దించుకుని శబ్దాలు వింటూ చేయండి. తిరిగి వచ్చి ప్రతి నట్టునూ చేతితో, కంటితో సరిచూడండి. చిత్తూరు వెళ్ళివచ్చేంత దూరం తిరిగాక ఇంకోసారి టార్క్ చూసి, మళ్ళీ నాలుగు కొలతలు తీయండి. కొత్త స్ప్రింగులు మొదటి వారాల్లో కొద్దిగా దిగుతాయి. అలైన్‌మెంట్‌ను ఆ దిగుడు ఆగాక మరొకసారి చేయించి, ఆ అంకెలు కూడా అదే నోటుపుస్తకంలో తేదీతో రాసుకున్న తరువాతే బండిని ఘాటు రోడ్డు ఎక్కించండి.